జపాన్‌లో కారు అద్దెకు తీసుకోవాలంటే మన లైసెన్స్ చాలా?

ప్రశ్న: పది రోజుల టూరిస్ట్ వీసా. స్మార్ట్ కార్డు లైసెన్స్ ఉంది. అక్కడ కారు నడపొచ్చా?

జవాబు: దానితో కుదరదండి. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ పుస్తకం కావాలి. ఆర్టీఓలో ఫారం 4ఏ, పాస్‌పోర్ట్, లైసెన్స్ పెట్టి 1,000 రూపాయలు కట్టండి. విమానం ఎక్కకముందే తీసుకోండి. అది లేకుండా దొరికితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క, 3 ఏళ్ల జైలు లేదా 5 లక్షల యెన్ల జరిమానా దాకా పోవచ్చు.

జవాబు: పుస్తకం చేతికి రాగానే, కౌంటర్ దగ్గరే, కారు తరగతి 'బి' పక్కన ముద్ర పడిందో లేదో చూసుకోండి.

జవాబు: అక్కడ రోడ్డు మీద తలకిందుల ఎర్ర త్రికోణం, అంటే 'ఆగు' బోర్డు, కనిపిస్తే చక్రాలు పూర్తిగా ఆగాలి. మెల్లగా దొర్లించినా 7,000 యెన్ల జరిమానా. డబ్బు పోలీసు చేతికి ఇవ్వరు. నీలం చీటీ ఇస్తారు, మర్నాటి నుంచి 7 రోజుల్లోపు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో కట్టేయండి.