కింది మనిషి మాట పైకి ఎందుకు పోదు? మేనేజ్‌మెంట్ థియరీలు చదివినవాళ్లు చెప్పండి

ఎనుమాముల_27:
నమస్తే అందరికీ. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను, దూరవిద్యలో ఎంబీఏ చదువుతున్నాను. పోయిన ఎండాకాలం మా దగ్గర ఒక చాంబర్‌లో పైపు నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా మిర్చి బస్తాల మీద పడ్డాయి. మొదటి రాత్రే ఒక హమాలీ చూశాడు. బస్తా మీద చెయ్యి పెట్టి, తడి ఉందని వాళ్ల మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ "రేపు సార్ వచ్చినంక చెప్దాం" అన్నాడట, మరునాడు సార్ రాలేదు, నాకు తెలిసేసరికి నాలుగో రోజు. బస్తా విప్పితే తొడిమల దగ్గర తెల్లగా బూజు, ముక్కవాసన. ధర వస్తే అమ్ముకుందామని పెట్టుకున్న రైతు సరుకు అది. ఆయన ఒక్క మాట అనలేదు, కాయలు చేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చున్నాడు.

మా వాట్సాప్ గ్రూపులో 60 మంది ఉన్నారు, కానీ అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టగలిగేలా సెట్టింగ్ ఉంది. పొద్దున లేస్తే పైనుంచి ఆర్డర్లు వస్తాయి, కింది నుంచి మాట పోయే దారే లేదు. ఇప్పుడు పరీక్షకు టేలర్, ఫేయోల్, మేయో అని మేనేజ్‌మెంట్ థియరీలు రాసినవాళ్ల గురించి చదువుతున్నాను. నూరేళ్ల కింద ఎక్కడో ఫ్యాక్టరీల గురించి రాసినవి మా దగ్గర జరిగినదానికి ఏమన్నా పనికొస్తాయా? మార్కుల కోసం అడగట్లేదు.

భూపాలపల్లి_రిటైర్డ్:
తమ్మీ, నేను బొగ్గు బావుల్లో ఓవర్‌మాన్‌గా, అంటే షిఫ్ట్ పని చూసుకునే సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన మనిషిని. ఫేయోల్ కూడా బొగ్గు గని ఇంజనీరే, 1860లో ఫ్రాన్స్‌లోని కొమాంత్రి గనుల్లో చేరాడు. మరుసటేడు మే నెలలో గని లోపల ఒక గుర్రం కాలు విరిగింది. ఇంకో గుర్రం కావాలని ఆయన చీటీ రాస్తే, డైరెక్టర్ సంతకం లేదని గుర్రాల కొట్టం మనిషి ఇయ్యలేదు. డైరెక్టర్ ఊళ్లో లేడు, ఆయన బదులు సంతకం పెట్టేవాళ్లనూ పెట్టిపోలేదు, ఆ లెవల్‌లో పని ఆగిపోయింది. నీ మేస్త్రీ "సార్ వచ్చినంక" అన్నది చదువుతుంటే నాకు ఆ గుర్రమే గుర్తొచ్చింది.

1916లో ఆయన 14 సూత్రాలు రాశాడు. అందులో అధికార శ్రేణి అంటే మెట్టు మెట్టుగా మాట పోవాలన్నదే అందరూ బట్టీ పడతారు. దాని పక్కనే గ్యాంగ్ ప్లాంక్, అంటే దాటడానికి అడ్డంగా వేసే పలక, అని ఇంకోటి చెప్పాడు: తొందర పని పడితే వేర్వేరు విభాగాల్లో ఒకే మెట్టు మీదున్న ఇద్దరు నేరుగా మాట్లాడుకోవచ్చు, పైవాళ్లు ముందే ఒప్పుకుని ఉండాలి, ఏం చేశారో తర్వాత వాళ్లకు చెప్పాలి. మీ దగ్గర మెట్లున్నాయి, ఈ పలక లేదు. మేస్త్రీ ఆ రాత్రే మిషన్ ఆపరేటర్‌కు చెప్పగలిగి ఉంటే సరుకు దక్కేది.

బావిలో మైనింగ్ సర్దార్, అంటే కార్మికుల భద్రత చూసే మనిషి, తల మీది గని కప్పును కర్రతో తట్టి, చప్పుడు విని గట్టిదో వదులుదో చెప్తాడు. ప్రమాదం అనిపిస్తే మనుషుల్ని బయటికి తీయడానికి మేనేజర్ కోసం ఎదురుచూడడు. షిఫ్ట్ దిగేముందు చూసింది పుస్తకంలో రాస్తాడు, తర్వాతి షిఫ్ట్ వాడు అది చదివిగానీ పని మొదలుపెట్టడు.

హనుమకొండ_సిస్టర్:
సార్ చెప్పింది నిజం, కానీ దారి ఉన్నా మనిషికి భయం ఉంటే ఆ దారిన పోడు. షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1928 నుంచి 20 వేల మందికి పైగా కార్మికులను కూర్చోబెట్టి మాట్లాడారు. మొదట రాసుకుపోయిన ప్రశ్నలు అడిగితే వాళ్లు ఇంకేదో చెప్పుకుంటూ పోయేవాళ్లు, అందుకని ప్రశ్నలు పక్కన పెట్టి వినడం మొదలుపెట్టారు. మేయో పేరు ఆ పరిశోధనల వల్లే ఇంత తెలిసింది. తర్వాత అక్కడే వైర్లు కలిపే ఒక గదిలో 14 మందిని గమనిస్తే, వాళ్లలో వాళ్లే రోజుకు ఇంతే పని అని లెక్క పెట్టుకున్నారు, పైకి చెప్పే అంకె కూడా రోజూ ఇంచుమించు ఒకేలా ఉండేలా సర్దేవాళ్లు. అంటే పైకి రిపోర్ట్ పోతూనే ఉంది, అందులో నిజమే లేదు.

నేను ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. ఇంతకుముందు ఇన్‌చార్జ్ మేడమ్ డ్యూటీ మారేటప్పుడు "అంతా ఓకేనా?" అనేది, మేము ఓకే అనేవాళ్లం. ఇప్పుడున్న మేడమ్ "రాత్రి ఏ పేషెంట్ మీద అనుమానం వచ్చింది?" అని అడిగి, పెన్ను కింద పెట్టి మన మొహం చూస్తుంది. మొన్న ఏడో బెడ్ పెద్దమ్మ మాట కొంచెం ముద్దగా వస్తుందనిపించిందని చెప్పగలిగాను. నా అనుమానమే, ఏ రీడింగూ లేదు, అయినా వెంటనే డాక్టర్‌ను పిలిచారు.

మిల్లు_పరకాల:
మాది చిన్న రైస్ మిల్లు, యజమాని వైపు నుంచి చెప్తాను. గ్రూపు అందరికీ తెరిస్తే గుడ్ మార్నింగ్‌ల కింద అసలు లోడ్ మెసేజ్ కొట్టుకుపోయింది, అందుకే నేనూ అడ్మిన్ సెట్టింగ్ పెట్టాను. టేలర్‌ను పూర్తిగా తీసెయ్యకండి. ఏ లారీ ముందు, ఏ చాంబర్ ఎంత చల్లగా ఉండాలి అనేవి ఒక్క నోటి నుంచే రావాలి. కానీ 1911లో ఆయన రాసిందాంట్లో ఆలోచించేది ఆఫీసు, చేసేది కార్మికుడు. తడి కనిపెట్టింది మాత్రం హమాలీ చెయ్యి. ఇది చదివినంక ఆర్డర్ల గ్రూపు అట్లనే ఉంచి, పాడైనవి చెప్పడానికి ఇంకో నంబర్ పెట్టాలనుకుంటున్న.

ఎనుమాముల_27:
పెద్దసారుకు, అక్కకు, మిల్లు అన్నకు చాలా థ్యాంక్స్. మా ఓనర్‌ను ఒప్పించి ప్రతి చాంబర్ తలుపు మీద ఆపరేటర్ నంబర్, నా నంబర్ పెయింట్ వేయించాను. ముందు ఆపరేటర్‌కు చెప్పండి, తర్వాత నాకు చెప్పండి, తప్పుడు అనుమానమైనా ఎవరినీ ఏమనం అని ముఠా మొత్తాన్ని కూర్చోబెట్టి ఓనర్‌తోనే చెప్పించాను. రెండు వారాలు ఒక్క ఫోనూ రాలేదు. ఆ తర్వాత ఒక రాత్రి 11కి అదే హమాలీ ఫోన్ చేశాడు, మూడో చాంబర్ తలుపు రబ్బరు ఊడిందని. నేను పోయేసరికి ఆపరేటర్ అప్పటికే బిగిస్తున్నాడు.