అప్‌డేట్: ఆరు థోరియంల లెక్క కుదిరింది

పోయిన వారం నేనడిగింది ఇదీ: +4 ఆవేశమున్న థోరియం, ప్లుటోనియం అయాన్లు నీళ్లలో ఆమ్లత తగ్గగానే ఎందుకు గుంపు కడతాయి, ఆ గుంపుకు ఒక ఆకారం ఉంటుందా అని. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ఎందుకు" అన్నది తేలిగ్గానే అర్థమైంది. అంత ఆవేశమున్న అయాన్ తనను అంటుకున్న నీటి అణువు నుంచి ప్రోటాన్‌ను వదిలించేస్తుంది. మిగిలిన హైడ్రాక్సైడ్ పక్క అయాన్‌నూ పట్టుకుంటుంది.

ఆకారం దగ్గరే రెండు రాత్రులు కూర్చున్నాను. మీరు చెప్పిన థోరియం ఫార్మేట్ క్లస్టర్‌ను, అంటే ఫార్మిక్ ఆమ్లం నుంచి వచ్చే ఫార్మేట్ అయాన్లు అతుక్కున్న థోరియం గుంపును, కాగితం మీద గీశాను. అష్టముఖి ఆరు మూలల్లో ఆరు లోహాలు. ఎనిమిది ముఖాల్లో నాలుగింటి మీద ఆక్సైడ్, మిగతా నాలుగింటి మీద హైడ్రాక్సైడ్. పన్నెండు అంచులకూ తలా ఒక ఫార్మేట్. ఇక ఆవేశాలు కూడితే: లోహాలవి +24, ఆక్సైడ్లవి -8, హైడ్రాక్సైడ్లవి -4, ఫార్మేట్లవి -12. సరిగ్గా సున్నా! ఒక్కో థోరియానికి ఒక నీటి అణువుతో కలిపి తొమ్మిది ఆక్సిజన్లు. ఆ సున్నా చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

నేను పొరబడింది ప్లుటోనియం "పాలిమర్" విషయంలో, నీళ్లలో ప్లుటోనియం కట్టే గుంపును అలా అంటారు. ఆ పేరు విని గజిబిజి గొలుసనుకున్నాను. కానీ 2008లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ ల్యాబ్ పరిశోధకులు 38 ప్లుటోనియంల క్లస్టర్ నిర్మాణాన్ని ప్రకటించారు. లోపలి అమరిక అచ్చం ప్లుటోనియం డయాక్సైడ్ స్ఫటికానిదే, పైన 54 క్లోరైడ్లు తొడుగులా ఉన్నాయి. దాన్నీ గీయడం మొదలుపెట్టాను, పెద్ద కాగితం కావాలి.