ఎడ్యుకేషనల్ అండ్ డెవలప్‌మెంటల్ సైకాలజీ మాస్టర్స్: ఆస్ట్రేలియాలో చదివినవాళ్లు సలహా ఇవ్వగలరా?

నమస్కారమండీ. ఆస్ట్రేలియాలో సైకాలజీ ఆనర్స్, అంటే నాలుగో ఏడాది, చదువుతున్నాను. ఆటిజం, డిస్లెక్సియా ఉన్న పిల్లలతో, వాళ్ల టీచర్లతో పనిచేయాలని గట్టిగా ఉంది. అందుకే ఎడ్యుకేషనల్ అండ్ డెవలప్‌మెంటల్ సైకాలజిస్ట్ అవుదామనుకుంటున్నాను.

రెండేళ్ల మాస్టర్స్ అయ్యాక జనరల్ రిజిస్ట్రేషన్, అంటే సైకాలజిస్ట్‌గా పనిచేసే అనుమతి, వస్తుంది. ఆ తర్వాత సూపర్‌వైజర్ దగ్గర దాదాపు రెండేళ్లు రిజిస్ట్రార్ ప్రోగ్రామ్ (పర్యవేక్షణలో పనిచేసే శిక్షణ) చేస్తేనే సైకాలజీ బోర్డు ఎండార్స్‌మెంట్, అంటే ఆ ప్రత్యేక విభాగంలో గుర్తింపు, ఇస్తుంది. ఎడ్యుకేషనల్ అండ్ డెవలప్‌మెంటల్ సైకాలజిస్ట్ అనే పేరు అప్పుడే వాడుకోవాలి. ఇబ్బందల్లా ఈ కోర్సు ఉన్న యూనివర్సిటీలు చాలా తక్కువ కావడమే. మోనాష్‌లో ఉంది గానీ, సీట్ల కోసం పోటీ తలచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఇంట్లోవాళ్లేమో క్లినికల్ సైకాలజీ తీసుకోమంటున్నారు, మెడికేర్ రిబేట్ (ప్రభుత్వ ఆరోగ్య పథకం పేషెంట్లకు ఫీజులో తిరిగిచ్చే డబ్బు) దానికే ఎక్కువ కాబట్టి. నా మనసు మాత్రం పిల్లల వైపే.

5+1 అనే ఇంకో దారిలో, నాలుగేళ్ల చదువు తర్వాత ఒక ఏడాది మాస్టర్స్, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్‌తో రిజిస్ట్రేషన్ వస్తుంది, ఎండార్స్‌మెంట్ రాదు. అలా వెళ్లి స్కూళ్లలో పనిచేస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? తర్వాత ఏమైనా అడ్డంకి అనిపించిందా? మాస్టర్స్ ఇంటర్వ్యూలో ఏం అడిగారు? స్కూల్లో సహాయకురాలిగా చేసిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారా? దరఖాస్తు గడువు దగ్గర పడుతోంది, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.