అప్‌డేట్: చెవుల్లో గుచ్చుకునే ట్రెబుల్ (సన్నని, పదునైన శబ్దాలు) తగ్గింది

పాటల్లో ‘స’, ‘ష’ శబ్దాలు చెవుల్లో సూదుల్లా గుచ్చుకుంటున్నాయి, ఆంప్లిఫయర్ మార్చాలా అని అడిగాను కదా. ఆ అవసరమే రాలేదు! అన్నిటికన్నా ఎక్కువ ఫలితం స్పీకర్ల దిశ మార్చడంతోనే వచ్చింది. సరిగ్గా నా చెవులకే గురిపెట్టి ఉన్నవాటిని కొద్దికొద్దిగా బయటికి తిప్పుతూ పోయాను. ట్వీటర్‌కు, అంటే స్పీకర్‌లో సన్నని శబ్దాలు పలికించే భాగానికి, ఎదురుగా కాక కాస్త పక్కగా కూర్చుంటే ఆ పై పౌనఃపున్యాలు వాటంతటవే తగ్గుతాయి. గాయని గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. శబ్దం తగిలి వెనక్కి రాకుండా నేలమీద మందపాటి తివాచీ, కిటికీ అద్దానికి బరువైన పరదా కూడా వేశాను. మిగిలిన పదును తగ్గించడానికి ఈక్వలైజర్‌లో (ఒక్కో పౌనఃపున్యం స్థాయిని విడిగా పెంచే, తగ్గించే సాధనం) 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య 3 డెసిబెల్స్ తగ్గించాను. ఇంకా తగ్గిస్తే వయొలిన్ మసకబారుతోంది, అది నాకు అస్సలు ఇష్టం లేదు. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కొన్ని పాత రికార్డింగులు ఇప్పటికీ గుచ్చుతున్నాయి. వాటిని వాల్యూమ్ తగ్గించి వింటున్నాను.