బాయి ముచ్చట్లను మారుపేర్లతో సహా అచ్చు వేయాలా?

మంచిర్యాల సేకర్త:
1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ తరువాత కొత్తగూడెం, బెల్లంపల్లి, గోదావరిఖని, భూపాలపల్లి వరకు గనులతో పాటు బాయి ముచ్చట్లు, అంటే బొగ్గుగనిలో కార్మికులు చెప్పుకునే హాస్యపు కబుర్లు కూడా విస్తరించాయి. తట్టలతో టబ్బులు (బొగ్గు బండ్లు) నింపిన ఫిల్లర్ల ముఠాలు యంత్రాలు, ఓపెన్‌కాస్టులు (పైనుంచి తవ్వే గనులు) రావడంతో విడిపోయాయి. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. విశ్రాంత కార్మికుల నోట మిగిలిన హాస్యాన్ని మేము కొందరం పుస్తకంగా తెస్తున్నాము. అయితే ఆ ముచ్చట్లలో చాలా భాగం మారుపేర్ల మీదే నడుస్తుంది. ఒకరిని కులంతో, ఒకరిని కుంటితనంతో, ఉత్తరాది నుంచి వచ్చిన వారిని వారి యాసతో పిలిచిన పేర్లవి. వాటిని ఉంచాలా, తీసివేయాలా అన్న విషయంలో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు.

విశ్రాంత మైనింగ్ సర్దార్, బెల్లంపల్లి:
బాయిలో కార్మికుల భద్రత చూసిన సర్దారుగా చెబుతున్నాను, ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. బాయిలో నవ్వు కాలక్షేపం కోసం పుట్టలేదు. కర్రతో పైకప్పును తట్టినప్పుడు గట్టి మోత వస్తే బండ పట్టు మీద ఉన్నట్టు, బోలు మోత వస్తే విడిపోయినట్టు లెక్క. ఈ సంగతి శిక్షణలో చెబితే కొత్త బదిలీ ఫిల్లరు (రాని వారి బదులు పనిచేసేవాడు) మరుసటి షిఫ్టుకే మరిచిపోయేవాడు. అదే మా ముఠాలోని పెద్దమనిషి దిమ్మెలు (పైకప్పుకు ఆసరాగా నిలిపిన కర్రలు) చిటపటమన్నప్పుడల్లా "అత్త గొణుగుతున్నది, సామాను ఇడిసిపెట్టి బయటికి నడువుండ్రి" అనేవాడు. ఆ మాటకు నవ్విన పిల్లలు జీవితాంతం దిమ్మెల చప్పుడు వినడం నేర్చుకున్నారు. గాలి తక్కువైందని చెప్పి, పైకి వెళ్ళి సంచినిండా గాలి పట్టుకురమ్మని కొత్తవాడిని పంపేవారు. వాడు దారిలో ఎదురైన ప్రతి ఒక్కరినీ అడుగుతూ పోయి, తిరిగి వచ్చేసరికి గాలి ఏ దారిన లోపలికి వస్తుందో, ఏ దారిన బయటికి పోతుందో తెలుసుకునేవాడు. ఆపద వేళ ఎటు పరుగెత్తాలో అలా తెలిసేది. మారుపేర్లు కూడా ఆ చనువులో నుంచే వచ్చాయి. వాటిని తీసివేస్తే ఆ ముచ్చట్లు మావి కాకుండా పోతాయి.

ఫిల్లరు కొడుకు, గోదావరిఖని:
సర్దార్ గారూ, మీ అత్త ముచ్చట మా ఇంట్లో కూడా విన్నాను. అది తప్పకుండా ఉండాలి. కానీ మా నాన్న చేతి రెండు వేళ్ళు టబ్బుల మధ్య నలిగి పోయాయి. ఆయన చికిత్స ముగించుకుని డ్యూటీలో చేరిన వారంలోనే ముఠా ఆయనకు "మూడువేళ్ళోడు" అని పేరు పెట్టింది. ఆ తరువాత మస్టరులో (హాజరు పుస్తకంలో) తప్ప ఆయన సొంత పేరు ఎక్కడా వినిపించలేదు. నా పెళ్ళి పత్రిక పంచడానికి వెళ్ళినప్పుడు కూడా ఆ పేరు చెబితేనే వారు గుర్తుపట్టారు. నాన్న అందరితో పాటు నవ్వేవాడు. నవ్వకపోతే ఆ పేరు ఇంకా గట్టిగా అంటుకునేది. చనువు అని మీరు చెబుతున్నదాన్ని పేరు పెట్టినవారి వైపు నుంచే చూస్తున్నారు.

జానపద కళల అధ్యాపకురాలు, హనుమకొండ:
మన ప్రాంతపు పిట్టల దొరను ఒకసారి గుర్తుచేసుకుందాము. ఖాకీ కోటు, టోపీ, భుజాన కట్టె తుపాకీతో వచ్చి, ఇంట్లో గింజ లేకున్నా వేల ఎకరాల జాగీరు ఉన్నట్టు అతడు కోతలు కోస్తాడు. అతడు దొరతనాన్ని నవ్వులపాలు చేస్తాడే తప్ప వాకిట్లో నిలబడ్డ పేదవాడిని కాదు. మేనేజరు మీద, ఓవర్‌మన్ (పని పర్యవేక్షించే అధికారి) మీద చెప్పుకున్న బాయి ముచ్చట్లు ఆ కోవకు చెందినవి, వాటిని నిండుగా వేయండి. బలహీనుడి మీద వేసిన మారుపేరు ఆ కోవలోకి రాదు. అలాగని దాన్ని దాచివేయడం కూడా సరికాదని నా అభిప్రాయం, ఎందుకంటే గనిలో కులం పనిచేయలేదన్న అబద్ధానికి అది అవకాశం ఇస్తుంది. అటువంటి పేరు వచ్చిన చోట దాన్ని ఎవరు పెట్టారో, ఎవరి మీద పెట్టారో, అతడు ఏమనుకున్నాడో కూడా రాయాలి. మరొక విషయం. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి దూరం పెట్టింది, కాబట్టి బాయి లోపలి ముచ్చట్లే సేకరిస్తే సగం కాలనీ మాయమవుతుంది. జీతం రోజున భర్త జేబు ఇంటికి చేరే లోపు ఎంత తేలికైందో నల్లా దగ్గర ఆడవాళ్ళు చెప్పుకున్న హాస్యానికి పదును ఏమీ తక్కువ కాదు.

విశ్రాంత మైనింగ్ సర్దార్, బెల్లంపల్లి:
అమ్మా, నల్లా దగ్గరి ముచ్చట్ల సంగతి ఒప్పుకుంటున్నాను. తమ్ముడూ, నీ బాధ కూడా నాకు అర్థమైంది. అయినా, పోయిన మనుషులను ఎవరు అడుగుతారు? మా ముఠాలో సగం మంది లేరు. అనుమతి కోసం ఆగితే పుస్తకంలో మేనేజరు మీద ముచ్చట్లు తప్ప ఏమీ మిగలవు.

ఫిల్లరు కొడుకు, గోదావరిఖని:
మనిషి లేకపోతే ఇల్లు ఉంటుంది, అన్నా. భార్యనో బిడ్డలనో అడగవచ్చు. వారు వద్దంటే ముచ్చట ఉంచి పేరు మార్చండి. మా నాన్న విషయంలో ఇంకెవరినీ అడగనవసరం లేదు, ఆయనే ఉన్నాడు. ఆయన ముచ్చట వేసే పక్షంలో పక్కన మస్టరులోని పూర్తి పేరు వేయాలని కోరుతున్నాను. అందుకు సేకర్తలు ఒప్పుకుంటే, ఆయన దగ్గరున్న ముచ్చట్లన్నీ నేనే రాసి పంపుతాను.