మగ్గం వీడియోకి ఏ మ్యూజిక్ పెట్టాలి? ఫ్లూట్ పెడితే పెద్దబాపు మాటలే వినబడట్లేదు

పోచంపల్లి_పోరడు
అందరికీ నమస్తే. మాది పోచంపల్లి పక్కన చిన్న ఊరు. మా పెద్దబాపు 40 ఏండ్లుగా గుంట మగ్గం మీద ఇక్కత్ చీరలు నేస్తున్నాడు. ఇప్పుడు నేస్తున్న చీర దిగినాక మగ్గం తీసేస్తానంటున్నాడు, అందుకే అంతలోపు ఒక వీడియో తీసి పెట్టుకుందామని ఫోన్‌తో రెండు రోజులు షూట్ చేశాను. ఏడు నిమిషాలు వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా ఫ్లూట్ ట్రాక్, ఆయన మగ్గం తీసేసే సంగతి చెప్పే చోట వయొలిన్ పెట్టాను. చుట్టాలందరూ బాగుందన్నారు కానీ యూట్యూబ్ గ్రాఫ్ చూస్తే 40 సెకన్లకే సగం మంది దిగిపోతున్నారు. మా అక్కేమో "పెద్దబాపు ఏమంటుండో వినబడట్లేదురా, ఫ్లూటాయన ఎవరో గానీ ఊపిరి తీసుకోడా" అంది. పైగా ఆ ట్రాక్ మీద కాపీరైట్ క్లెయిమ్ కూడా వచ్చింది. ఇలాంటి వీడియోకి ఏ రకం మ్యూజిక్ పెడితే బాగుంటుందో చెప్పండి. లింక్ కింద పెట్టాను.

కృష్ణానగర్_చెవులు
చూశాను తమ్ముడూ. షాట్లు బాగున్నాయి, గోల సౌండ్‌తోనే. ముందు ఒక పని చేయి: మ్యూజిక్ మొత్తం మ్యూట్ చేసి, ఫోన్ బోర్లా పెట్టి, ఏడు నిమిషాలూ ఒట్టి చెవులతో విను.

1:52 దగ్గర ఏముందో నీకే తెలుస్తుంది. నాడె (అడ్డపోగు దారం మోసుకెళ్లేది) ఇటు నుంచి అటు పరిగెత్తి పెట్టెకి కొట్టుకునే చప్పుడు, వెంటనే పలక (ఆ పోగుని దగ్గరికి కొట్టే చెక్క) దబ్బుమని పడటం, కాలికింద చెక్క కిర్రుమనడం, ఈ మూడూ కలిసి ఒక తాళం. నువ్వేం చేశావంటే దాని మీద ఇంకో తాళం ఉన్న ట్రాక్ తెచ్చి వేశావు. ఒకే వీధిలో రెండు పెళ్లిళ్లు జరుగుతుంటే రెండు బ్యాండ్ మేళాలు ఎదురుపడ్డట్టు ఉంది, ఏదీ వినబుద్ధి కాదు. నీ వీడియోకి మ్యూజిక్ ఆ మగ్గమే. ఇంకేదైనా కావాలనిపిస్తే తాళం లేనిది చూసుకో, తంబూరా శ్రుతిలాగా ఒకే స్వరం సాగేది, అది మగ్గానికి అడ్డం రాదు.

రెండోది ఇంకా ముఖ్యం. 4:10లో ఆయన "మా పిలగాడు దీనికి రాడు, రమ్మని నేను కూడా అనను" అంటాడు కదా, ఆయన నోరు తెరవకముందే నీ వయొలిన్ ఏడుపు మొదలుపెట్టింది. కానీ ఆయన ఏడవలేదు, నవ్వుతూ చెప్పాడు! ఆ నవ్వుని నీ వయొలిన్ మింగేసింది. అక్కడ ఏమీ పెట్టకు. నేను పదకొండేళ్లుగా డబ్బింగ్ థియేటర్లలో కూర్చుంటున్నాను. మంచి ఆర్‌ఆర్ (సినిమాకి వెనక వచ్చే మ్యూజిక్) చేసేవాళ్లు రీలు చూస్తూ మొదట తేల్చుకునేది ఎక్కడ మ్యూజిక్ వద్దు అన్నదే, ఎక్కడ కావాలన్నది తర్వాత.

మగ్గం ఇంకా తీయలేదంటే మళ్లీ వెళ్లు. కెమెరా వద్దు, సౌండ్ కోసమే. ఒకసారి గుంటలో కాళ్ల దగ్గర, ఒకసారి పలకకి జానెడు దూరంలో, ఒకసారి బయట వాకిట్లో నిలబడి రికార్డు చేసుకో. వాకిట్లో వినిపించేది చాలామంది మర్చిపోతారు గానీ, ఇంట్లో వాళ్లు ఇన్నేళ్లూ విన్నది ఆ చప్పుడే. తర్వాత అందరినీ ఒక నిమిషం నోరు మూసుకోమని, ఖాళీ గది సౌండ్ కూడా తీసుకో. మాటల్లో కట్ పడ్డచోట కింద అది పరిస్తే అతుకు తెలియదు. లేకపోతే కట్ పడ్డప్పుడల్లా చెవిలో గొయ్యి పడ్డట్టు ఉంటుంది, నీ వీడియోలో అలాంటివి నేను తొమ్మిది లెక్కపెట్టాను.

బెజవాడ_ఎడిటింగ్
అన్న చెప్పింది కరెక్టే గానీ, మరీ మ్యూజిక్ లేకుండా అంటే నేను ఒప్పుకోను. థియేటర్లో కూర్చోబెట్టి చూపిస్తే సరే, మన జనం చూసేది బస్సులో, ఫోన్ స్పీకర్‌లో. అందులో కింది స్వరాలు అసలు పలకవు, మీ పలక దబ్బుమనేది అక్కడ టక్కుమంటుంది అంతే. ఏడు నిమిషాలు టక్కు టక్కు అంటే ఎవరు కూర్చుంటారు? నేను పెళ్లి వీడియోలు చేస్తాను, తలంబ్రాల దగ్గర ఒరిజినల్ నవ్వులు ఉంచి పాట తగ్గిస్తాను, ఊరేగింపులో పాట పెంచుతాను. మీరూ అంతే, నూలు రంగుల్లో ముంచడం, ఆరేయడం లాంటి మాటల్లేని చోట మ్యూజిక్ పెట్టండి, ఆయన నోరు తెరవగానే దించేయండి. మాట కన్నా కనీసం 15 డెసిబెల్స్ కిందుండాలి. ఫ్లూటే కావాలంటే ఈక్యూలో (ఏ స్వరాలు ఎంత వినబడాలో సరిచేసే టూల్) 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం కోయండి, మాట స్పష్టంగా వినబడేది ఆ మేరలోనే, రెండూ ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటున్నాయి. డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్లో సౌండ్ కోసం ఫెయిర్‌లైట్ పేజీ ఉంది, ఇదంతా అందులోనే అవుతుంది. మొత్తం లెవెల్ మైనస్ 14 లఫ్స్ (మొత్తం సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గర ఉంచితే చాలు, అంతకన్నా గట్టిగా పెడితే యూట్యూబే తగ్గిస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేశాక తప్పకుండా ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి. ఇయర్‌ఫోన్స్‌లో బాగుందని వదిలేసి నేను ఒక పెళ్లివాళ్ల దగ్గర తిట్లు తిన్నాను.

కృష్ణానగర్_చెవులు
రంగుల దగ్గర మ్యూజిక్ ఒప్పుకుంటాను. మగ్గం మీద మాత్రం వద్దు.

క్లెయిమ్_బాధితుడు
కాపీరైట్ గురించి: క్లెయిమ్ వేరు, స్ట్రైక్ (వీడియో తీసేసి చానల్ మీద వేసే హెచ్చరిక) వేరు, కంగారు పడకండి. క్లెయిమ్ అయితే చాలాసార్లు యాడ్స్ డబ్బులు వాళ్లకి పోతాయి, వీడియో ఉంటుంది. పది సెకన్ల లోపు వాడితే ఏం కాదు అనేది ఎవడో పుట్టించిన మాట, అలాంటి రూల్ లేదు. జానపదం కదా అందరిదీ అనుకుంటారు, పాట అందరిదే కావచ్చు, ఆ రికార్డింగ్ మాత్రం కంపెనీది, మన చట్టంలో రికార్డింగ్‌కి 60 ఏళ్ల హక్కు ఉంటుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో వెతకండి, కొన్నిటికి డిస్క్రిప్షన్లో పేరు వేయాలి, చూసుకోండి. లేదా మీ ఊళ్లో ఎవరైనా పాడేవాళ్లుంటే వాళ్లని అడిగి, వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చి, మీరే రికార్డు చేసుకోండి.

పాత_టేపు
కొంచెం పక్కదారి. సింగీతం గారి పుష్పక విమానం (1987) చూశారా? సినిమా మొత్తం ఒక్క మాట ఉండదు. హీరో ఉండేది సినిమా హాలు పక్కన గదిలో, ఆ ఫైటింగ్ మోతకి అలవాటుపడి, పెద్ద హోటల్‌కి మారాక నిద్రపట్టక, ఆ మోతనే టేపులో రికార్డు చేసుకొచ్చి పెట్టుకుని పడుకుంటాడు. నవ్వొస్తుంది గానీ, వాడు ఎక్కడి నుంచి వచ్చాడో ఆ టేపే చెప్పేస్తుంది. మీ పెద్దబాపుని అడగండి, మగ్గం చప్పుడు లేకపోతే ఇంట్లో నిద్ర పడుతుందా అని.

పోచంపల్లి_పోరడు
ఆదివారం వెళ్లొచ్చాను. చీర ఇంకా మూర పైన నేయాల్సి ఉంది.

మ్యూట్ చేసి విన్నప్పుడే సిగ్గేసింది అన్నా, పెద్దమ్మ వెనక కూర్చుని ఆసు పోస్తుంటే దారం మేకుల మీద జారే చప్పుడు సన్నగా వస్తోంది, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరిగే పని అది, నేను ఆ షాట్‌నే కోసేశాను, ఏం జరగట్లేదు కదా అని. మళ్లీ పెట్టాను.

నిద్ర గురించి పెద్దబాపుని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పెద్దమ్మే అందుకుంది: "చప్పుడైతుంటే నేను మంచిగ పంటా. ఆగిందంటేనే లేస్తా, దారం తెగిందో, ఈయనకి ఏమన్న అయిందో అని." అదృష్టం కొద్దీ రికార్డర్ ఆన్‌లోనే ఉంది. ఇప్పుడు వీడియో ఆ మాటతోనే మొదలవుతుంది, బొమ్మ రాకముందు, వాకిట్లోంచి తీసిన మగ్గం చప్పుడు మీద. 4:10 దగ్గర వయొలిన్ తీసేశాను. రంగుల దగ్గర మాత్రం లైబ్రరీ నుంచి ఒకటి తీసుకుని సన్నగా పెట్టాను, బెజవాడ అన్నకి థ్యాంక్స్.

ఒక్క డౌటు మిగిలింది. గది సౌండ్ తీసుకునేటప్పుడు ఫ్యాన్ ఆపమన్నాను, కానీ ఇంటర్వ్యూ అంతా ఫ్యాన్ తిరుగుతుండగా తీసిందే. ఇప్పుడు రెండూ కలవట్లేదు. మళ్లీ వెళ్లి ఫ్యాన్ వేసి ఇంకో నిమిషం తీసుకోవాలా?

కృష్ణానగర్_చెవులు
అవును. అదే ఫ్యాన్, అదే నంబర్ మీద.