పాపకి అప్పలనరసమ్మ పేరు కలపాలా, వద్దా?

గాజువాక నాన్న: మాకు పాప పుట్టింది. మా నాన్నమ్మ అప్పలనరసమ్మ పేరు కలిసేలా పెట్టమని మా నాన్న పట్టు. మా ఆవిడేమో హన్విక అని ఎప్పుడో ఫిక్స్ అయిపోయింది. బారసాల దగ్గర పడుతోంది, ఇంట్లో ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

కంచరపాలెం బాబాయ్: నాన్నగారి మాటే నెగ్గాలి. సింహాద్రి అప్పన్న పేరు మనం పెట్టుకోకపోతే ఇంకెవరు పెట్టుకుంటారయ్యా? పేరు వింటే మనిషిది ఏ వైపో తెలిసిపోయేది ఒకప్పుడు. పైడిరాజంటే విజయనగరం పైడితల్లి, నూకరాజంటే అనకాపల్లి నూకాలమ్మ. ఇప్పుడు ఏ స్కూలు దగ్గర చూసినా అద్విక్, రిత్విక్, జశ్విక్.

సన్యాసిరావు: బాబాయ్, ఆ పేర్లు మానేసింది మేం కాదు, మీ తరమే. క్లాసుకి నలుగురు శ్రీనివాసులు, ముగ్గురు లక్ష్ములు ఉండి కె.శ్రీనివాస్, పి.శ్రీనివాస్ అని పిలుచుకున్న రోజులు గుర్తు లేవా? సినిమాల్లో అమాయకుడికీ పనివాడికీ మన పేర్లు పెట్టి, మన యాస మాట్లాడించి నవ్వించారు, నేను హైదరాబాద్‌లో చదివినన్నాళ్ళూ పేరు చెప్పగానే వెనక నుంచి ఎవడో ఒకడు ఆ యాస ఎత్తుకునేవాడు, అది పడినవాడు పిల్లలకి ఎలా పెడతాడు? అయినా పాత పేర్లన్నీ భక్తితో పెట్టినవేనా? ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే బిడ్డని పెంట మీద పెట్టి తెచ్చి పెంటయ్య, పెంటమ్మ అనేవాళ్ళు, అది భయం. పిల్లలు దక్కుతున్నారు, ఆ పేరు పోయింది, పోనీండి.

సీతమ్మధార అక్క: పాపది పునర్వసు నక్షత్రమా తమ్ముడూ? కే, కో, హా, హీ అని నాలుగు అక్షరాలిస్తారు పంతులుగారు, హ కొట్టి ఫోన్లో వెతికితే ఊరందరికీ అదే లిస్టు. ఈ పేర్లన్నీ ఒకే మూసలో ఉండటానికి సగం కారణం ఇదే. తొందర పడొద్దు, పేరు లేకుండానే పుట్టుక రిజిస్టర్ చేయించి ఏడాదిలోపు రుసుం లేకుండా పేరు ఎక్కించుకోవచ్చు, తర్వాతైతే లేటు ఫీజు కట్టాలి. కానీ ఒకటికి రెండుసార్లు ఆలోచించు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూలుకైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం.

కంచరపాలెం బాబాయ్: ఎగతాళికి భయపడి దేవుడి పేరు మానేస్తే, ఎగతాళి చేసినవాడే గెలిచినట్టు కదా సన్యాసిరావూ.

గాజువాక నాన్న: పునర్వసే అక్కా! నాన్న కొంచెం దిగారు, హన్విక పక్కన అప్పలనరసమ్మ ఉంటే చాలట. మా ఇంటిపేరే పెద్దది, పరీక్షల ఫారంలో గళ్ళు సరిపోతాయంటారా?